సన్నాయి మావ పళ్ళు

సన్నాయి మావ పోయాడన్న సంగతి నాకు బొబ్బిలి మార్కెట్లో వంకాయలు ఏరుకుంటుండగా తెలిసింది. వాళ్ళ ఊరి నుంచి తోటకూర తెచ్చి అమ్మే ఆవిడ కట్టలు సర్దుకుంటూనే, "మీ ఆసుపత్రికొచ్చీవోడు గదమ్మా, సన్నాయాయన... మొన్న శనోరం ఎల్లిపోనాడు. నిద్దట్లోనే" అంది.

ఇంటికొచ్చి స్టవ్వు వెలిగించేదాకా ఏడుపు రాలేదు. వచ్చినప్పుడు కోపాన్ని కూడా వెంటబెట్టుకుని వచ్చింది. ఆ కోపం ఆయన మీద కాదు.

ఆయన నాకు చుట్టం కాదు. మా అమ్మ పెళ్ళిలో ఆయన తండ్రి సన్నాయి ఊదాడట, మా అక్క పెళ్ళిలో ఆయన ఊదాడు. చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ ఆయన సన్నాయి మావే. అసలు పేరు నేను మొదటిసారి విన్నది ఆసుపత్రి చీటీ మీద రాయడానికి అడిగినప్పుడు. ఆ పేరు ఆయనకు నప్పలేదు. ఆయనకు కూడా అలాగే అనిపించిందేమో, ఎవరిదో చెబుతున్నట్టు చెప్పాడు.

బస్టాండు పక్క సందులో ఒక పళ్ళ ఆసుపత్రిలో పని నాది, అప్పుడూ ఇప్పుడూ. ముందు గదిలో కూర్చుని టోకెన్లివ్వడం, ఫోన్లెత్తడం, డాక్టరమ్మకు సాయం కావలసినప్పుడు లోపలికెళ్ళడం. మావ పొడుగ్గా, సన్నగా ఉండేవాడు. కళ్ళజోడు కాడ విరిగితే దారం కట్టుకున్నాడు. ఊరికే కూర్చున్నా పెదాలు కదిలేవి, సన్నాయి కొనకు పెట్టి ఊదే రెల్లు పీక తడుపుకుంటున్నట్టు. నిద్రలో కూడా అంతేనని వాళ్ళావిడ చెప్పేది. ఆమెను నేను అత్తా అనేదాన్ని. ఏ చప్పుడు విన్నా మావ చెవి అటే వెళ్ళేది. లోపల ఎవరి పంటికో మిషను పెడితే ఇక్కడ ఆయన మొహం చిట్లించి, "శృతి తప్పి అరుస్తన్నాదమ్మా మీ మిషను. ఏటి, కాస్త నూనెయ్యకూడదా?" అనేవాడు.

పెళ్ళిళ్ళలో ముహూర్తం అయ్యేదాకా మంచినీళ్ళు తప్ప ముట్టడు. అయ్యాక మాత్రం గారెలు కావాలి. కరకరలాడాలి. గారె సరిగ్గా లేకపోతే, "ఈల్ల పెళ్ళికి మంగళం మెత్తగా ఊదుదును, ముందే తెలిస్తే" అని వంటవాళ్ళకి వినపడేలా అని నవ్వేవాడు.

ఆయన పక్కన ఎప్పుడూ బావ ఉండేవాడు. అత్తకు స్వయానా తమ్ముడు. ఇద్దరూ ఒకరినొకరు "బావా" అని పిలుచుకునేవారు. మా వైపు సన్నాయి ఒంటరిగా కూర్చోదు. ఒకరు ఊపిరి తీసుకునేటప్పుడు రెండోవాడు రాగాన్ని పట్టుకుంటాడు. వినేవాళ్ళకి ఎక్కడా తెగినట్టు తెలియదు. చిన్నప్పటి నుంచీ వాళ్ళిద్దరూ అలాగే ఊదారు. మావ ముందు, బావ వెనక. మావ భుజం కొంచెం పైకి లేస్తే చాలు, బావ అందుకునేవాడు. అక్క పెళ్ళిలో నేను పనిగట్టుకుని ఆ భుజాన్నే చూస్తూ కూర్చున్నాను, ఎప్పుడు లేస్తుందా అని.

మావ పళ్ళు పోయింది కూడా బావ బండి మీదే. రాజాం వైపు పెళ్ళి ముగించుకుని తెల్లవారుజామున వస్తుంటే గేదె అడ్డం వచ్చింది. బావకు మోచెయ్యి గీసుకుపోయింది. మావ ముందుకు పడుతూ సన్నాయిని పొట్టకు హత్తుకున్నాడు, చేతులు అడ్డం పెట్టుకోలేదు. పై వరసలో ముందు పళ్ళు నాలుగూ పోయాయి. తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని ఆసుపత్రికి వచ్చినప్పుడు బావ ఆయన కంటే ఎక్కువ ఏడుస్తున్నాడు. మావ మాత్రం తువ్వాలు కాస్త తీసి, రక్తం మింగుతూ, "సన్నాయికి ఏటీ అవనేదు" అన్నాడు.

చిగుళ్ళు మానాక డాక్టరమ్మ తీసి పెట్టుకునే పళ్ళ సెట్టు చేయించింది. తక్కువలో అయిపోతుంది కదా అని అందరం అదే మంచిదనుకున్నాం. అన్నం తినడానికి, మాట్లాడడానికి సరిపోయింది. సన్నాయికి సరిపోలేదు. పీకను రెండు పెదాలూ బిగించి పట్టాలి, ఆ పెదాలకు వెనక పళ్ళు ఆనాలి. సెట్టు ఊదిన ప్రతిసారీ కదిలేది. "ఊపిరుంటే సాల్దు గుంటా. అది ఎనక్కి తన్నుకోడానికి ఒక గోడుండాల. నా గోడ ఊగుతున్నాది" అన్నాడు నాతో. నన్నెప్పుడూ పిల్లా అన్నట్టు గుంటా అనే పిలిచేవాడు. జిగురు పొడి వేసుకున్నాడు, సెట్టు కింద దూది పెట్టుకున్నాడు. ఏదీ ఎక్కువసేపు నిలబడలేదు.

ఆ మాఘంలో ఒక పెద్ద పెళ్ళిలో, సరిగ్గా తాళి కట్టే సమయానికి పైస్థాయికి వెళ్ళాడట. సెట్టు ఊడి సన్నాయి మీంచి జారి, పెళ్ళికూతురు తల్లి ఒళ్ళో పడింది. పందిరంతా నవ్వింది. బావ ఒక్క క్షణం కూడా ఆగకుండా అందుకుని మంగళవాద్యం పూర్తి చేశాడు. మర్నాడు మావ ఆసుపత్రికి వచ్చి ఇదంతా చెప్పి, "నా బావ నేకపోతే ఆ తాళి మూగగా కట్టించుకునీది ఆ పిల్ల. నా పరువు కాపాడినాడు" అన్నాడు. అప్పటి నుంచి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మాట్లాడడం మొదలుపెట్టాడు.

అందరి చేతుల్లోకీ కొత్తగా పెద్ద ఫోన్లు వచ్చిన రోజులవి. ఎవరో తీసిన ఆ వీడియో వారం తిరక్కుండా మా ఆసుపత్రిలో కూర్చున్న పేషెంట్ల ఫోన్లలోకి కూడా వచ్చింది. నేను కూడా చూశాను. నవ్వు వినిపిస్తుంటే ఆపేశాను.

పెళ్ళిళ్ళకు పిలిచేవాళ్ళు తగ్గారు. అప్పుడు డాక్టరమ్మ ఇంప్లాంట్ మాట ఎత్తింది. ఆదివారాలు విజయనగరం నుంచి ఒక పెద్ద డాక్టరు వచ్చేవాడు మా దగ్గరికి. ఆయన ఎక్స్‌రే దీపానికి ఎదురుగా పెట్టి చూపించాడు. దవడ ఎముకలో రెండు స్క్రూలు దించుతారు. వాటిని ఎముక పట్టుకోవడానికి నెలలు పడుతుంది. పట్టాక వాటి మీద నాలుగు పళ్ళూ ఒకే వరసగా బిగిస్తారు. ఇంక ఊడవు, కదలవు. పక్క పళ్ళ మీద ఆనించి బ్రిడ్జి కట్టొచ్చు గానీ ఆ పక్క పళ్ళే కదులుతున్నాయి, ఎక్కువ కాలం మోయలేవు. ఖర్చు చెప్పాడు. ఒక పెళ్ళిళ్ళ కాలమంతా మేళం తిరిగితే వచ్చేంత.

"షుగరు అదుపులో ఉండాలి, చుట్ట పూర్తిగా మానేయాలి. అన్నీ చేసినా ఒక్కోసారి ఎముక పట్టకపోవచ్చు. పడితే అన్నం నమలగలరని నేను మాటివ్వగలను. సన్నాయి ఊదగలరని మాటివ్వలేను" అన్నాడు పెద్ద డాక్టరు.

మావ చాలాసేపు ఆ ఎక్స్‌రే వంక చూశాడు. "అన్నం ఈ ఊగీ సెట్టుతో కూడా తింటాను బాబూ. దానికంత డబ్బెందుకు? ఇది సన్నాయికే" అన్నాడు.

బావ పక్కనే ఉన్నాడు. బయటికి వచ్చాక ముందు గదిలోనే మొదలుపెట్టాడు. "ఏటి బావా, యాభై దాటినాక దవడలో మేకులు దిగ్గొట్టించుకుంటావా? రేపు పట్టకపోతే? డబ్బూ పోద్ది, ఉన్న ఎముకా పోద్ది. ఆ డబ్బుతో ఇంటిమీద రేకులు తీసేసి స్లాబు ఏసుకో. నానున్నాను గదా ముందు ఊదడానికి. నువ్వు ఎనక కూకుని శృతి పట్టు."

మాటల్లో తప్పేమీ కనబడలేదు నాకు. సొంత మనిషి భయం లాగానే ఉంది. పెద్ద డాక్టరును కూడా బావే ఎక్కువ ప్రశ్నలు అడిగాడు, ఎముక పట్టకపోతే ఎలా తెలుస్తుంది, మళ్ళీ చెయ్యొచ్చా అని. అంత శ్రద్ధగా పేషెంటు వెంట వచ్చేవాళ్ళు మాకు అరుదు. వచ్చినప్పుడల్లా మా అందరికీ ఉడకబెట్టిన తేగలు తెచ్చేవాడు. అతనంటే నాకు ఇష్టంగా ఉండేది.

తేల్చింది అత్త. మరుసటి ఆదివారం మావతో పాటు ఆమె వచ్చింది. చేతులకు బంగారు గాజుల జోడు లేదు, మట్టిగాజులున్నాయి. మావ ఇంకా ఊగిసలాడుతూనే ఉన్నాడు. స్లాబు అంటున్నాడు, పాత సెట్టునే మళ్ళీ సరిచేయిద్దాం అంటున్నాడు. అత్త విసుక్కుంది. "నా సేతులికెందుకు బంగారం, నీ నోటికి గావాల గానీ? పొద్దుటేల నువ్వు ఊదకపోతే ఇంట్లో ఎవులో సచ్చిపోనట్టుంటాది నాకు. కూకో ఆ కుర్సీలో."

ఆయన కూర్చున్నాడు.

చుట్ట ఎలా మానాడో నాకు తెలియదు, మానాడు. జేబులో శొంఠిముక్క పెట్టుకుని తిరిగేవాడు. స్క్రూలు దించిన రోజు దవడ వాచి మొహం ఒకవైపు గుప్పెడంత ఉబ్బింది. అయినా ఆదివారం ఆదివారం వచ్చి, "ఎముక పట్టుకున్నాదా?" అని అడిగేవాడు, గింజ నాటి మొలక కోసం చూసే మనిషి లాగా. కొన్నాళ్ళకు ఒక స్క్రూ వదులైంది. అది తీసేసి, ఎముక మానేదాకా ఆగి, మళ్ళీ దించారు. అంటే మొదటి నుంచీ మళ్ళీ ఎదురుచూపు. ఆయన ఆ రోజు ఒక్కటే అన్నాడు, "రెండోదున్నాది గదా" అని.

మావ రాని రోజుల్లో బావ వచ్చేవాడు. అటు పని మీద వచ్చానంటూ గుమ్మంలో నిలబడి, "ఎలగున్నాది మా బావకి? పడతాదంటారా?" అని అడిగేవాడు. ఇంటి మనిషే కదా అని నేను చెప్పేదాన్ని. ఒక స్క్రూ వదులైందనీ చెప్పాను. అతను అయ్యో అని నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నాడు. తేగలు ఇచ్చి వెళ్ళాడు.

మళ్ళీ వానాకాలం దాటాక పళ్ళు బిగించారు. పెద్ద డాక్టరు అద్దం చేతికిచ్చాడు. మావ అద్దం చూడలేదు. నాలుకతో లోపలి నుంచి వాటిని ఒకసారి అటూ ఇటూ నెట్టి చూశాడు. తర్వాత సంచిలోంచి పీక తీసి, ఆసుపత్రి కుర్చీలోనే కూర్చుని ఊదాడు. సన్నాయి లేకుండా ఒట్టి పీక మేక అరిచినట్టు అరుస్తుంది. బయట కూర్చున్న పేషెంట్లు ఉలిక్కిపడ్డారు. డాక్టరమ్మ నవ్వింది. మావ నవ్వలేదు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "గోడ కదల్నేదు" అన్నాడు.

రెండు నెలలు ఇంట్లో సాధన చేశాడు. పెదాలు పగిలేవని అత్త వెన్న రాసేదట. పాత ధ్వని పూర్తిగా వచ్చాకే ఎవరికైనా చెప్పాలనుకున్నాడు. వచ్చిందని నమ్మకం కలిగిన రోజు, ఏటా అమ్మవారి పండగకు తమ మేళాన్ని పిలిచే పక్క ఊరికి వెళ్ళాడు, ఆ కమిటీ పెద్దను కలవడానికి. ఆ పండగలో ఆయన తండ్రి కూడా ఊదాడు.

ఆ మధ్యాహ్నం మావ తిన్నగా మా ఆసుపత్రికి వచ్చాడు. రావలసిన రోజు కాదు. ముందు గదిలో మూల కుర్చీలో కూర్చున్నాడు. మంచినీళ్ళిస్తే గ్లాసు పట్టుకున్నాడు గానీ తాగలేదు. నొప్పా అని అడిగాను. తల అడ్డంగా ఊపి, అక్కడ జరిగింది చెప్పాడు.

కమిటీ పెద్ద మొహమాటం లేని మనిషి. "ఏటి మావా, నీకింక పళ్ళు రావని, దవడ పుండైపోనాదని సెప్పినాడు గదా మీ బావ? స్క్రూలు కూడా ఊడిపోనాయంట గదా? నువ్వు ఇంక ఊదవని సెప్పి ఆడే మేళం కట్టుకున్నాడు. మూడేళ్ళకి మాట ఇచ్చీసినాం" అన్నాడట. మావ నమ్మలేదు. బావ అలా అనడు, ఎవరో కల్పించారు అన్నాడు. అప్పుడు ఆ పెద్ద ఫోను తీసి చూపించాడు. పెళ్ళి పందిట్లో సెట్టు ఊడి పడుతున్న వీడియో. "ఇది మాకు పంపినోడు ఎవుడనుకున్నావు? నీ బావే. సూడండి, ఈన పరిస్థితి ఇది, ఈన్ని పిలిస్తే మీ పండగ పరువు పోద్ది అని సెప్పినాడు. నమ్మకపోతే ఇదిగో, ఆడి నెంబరు."

నెంబరు బావదే. పెళ్ళిళ్ళ వాళ్ళకూ అతనే పంపాడని తర్వాత ఒక్కొక్కరే చెప్పారు. ఆ వీడియో తీసింది కూడా బావ అల్లుడేనట.

నాకు ఒళ్ళు మండిపోయింది. స్క్రూ వదులైన సంగతి అతనికి చెప్పింది నేనే. నెత్తి మీద చెయ్యి పెట్టుకుని విని, ఆ మాట మూటగట్టుకుని తిన్నగా ఆ ఊరికి మోశాడన్నమాట. ఆ తేగలు తిన్న నోరు చేదెక్కిపోయింది. "పోలీసులకైనా చెప్పండి మావా, పదిమందిలో నిలదీయండి" అన్నాను. ఏమేమో అన్నాను.

ఆయన వినలేదు. గ్లాసులో నీళ్ళు చూస్తున్నాడు. "నాను ఊపిరి తీసుకున్నంతసేపూ ఆడు పట్టుకునీవోడు గుంటా" అన్నాడు చివరికి. "సిన్నపిల్లలప్పట్నుంచి. నాకు ఊపిరి సాలదేమో అన్న బెంగే ఉండేది కాదు. ఆడున్నాడు గదా అని. పళ్ళు కొన్నాను. సరే. ఆడిని ఏ ఆసుపత్రిలో కొంటాను?"

ఇంతలో ఎవరో టోకెను అడిగితే ఇచ్చాను. మళ్ళీ చూసేసరికి ఆయన లేచి వెళ్ళిపోయాడు.

అత్త తమ్ముడి ఇంటికి వెళ్ళిందని, గుమ్మం దాటకుండా బయటే నిలబడి అతని పెళ్ళాన్ని పిలిచి, "నాకు తమ్ముడు నేడు. ఎవులడిగినా ఉన్నాడని సెప్పొద్దు" అని వచ్చేసిందని తర్వాత తెలిసింది. అరవలేదట. అరుస్తుందేమోనని వీధంతా తలుపుల్లో నిలబడితే ఆమె అంతే చెప్పి తిరిగి నడిచి వచ్చేసిందట. అంత నమ్మకద్రోహానికి ఆ ఒక్క మాట ఎలా సరిపోయిందో నాకు ఇప్పటికీ అర్థం కాదు. నేనైతే అరిచేదాన్ని.

మావ వేరే మేళం కట్టుకోలేదు. పక్కన ఊదడానికి వస్తామన్నవాళ్ళున్నారు, మంచి పనివాళ్ళే. ఒకరిద్దరితో కూర్చుని చూశాడు. భుజం లేచినప్పుడు వాళ్ళకు తెలియలేదు. చెబితే తెలుసుకునేవాళ్ళేమో, ఆయన చెప్పలేదు.

నా పెళ్ళి కుదిరినప్పుడు మాత్రం నేనే వాళ్ళింటికి వెళ్ళి అడిగాను. రానన్నాడు. అత్త గదమాయించింది. వచ్చాడు, డోలు ఒక్కటి తోడు పెట్టుకుని. రెండో సన్నాయి లేదు. పీటల మీద తలొంచుకుని కూర్చున్న నాకు ఏమీ కనబడడం లేదు, వినబడుతూ ఉంది. ధ్వని పాతదే, ఎక్కడా వణకలేదు. కానీ ప్రతి విరుపు దగ్గరా ఆయన ఊపిరి తీసుకునేంత ఖాళీ వచ్చేది. ఆ ఖాళీలో పందిరి మాటలు, గిన్నెల చప్పుడు, ఎవరో పిల్లాణ్ణి కసురుకోవడం వినిపించేవి. మళ్ళీ రాగం వచ్చేది. జనం గమనించలేదు. పెళ్ళయ్యాక చాలామంది వెళ్ళి బాగా ఊదావు మావా అన్నారు. ఆయన గారెలు తిన్నాడు. కొత్త పళ్ళతో కరకరా నమిలాడు. ఖర్చు ఊరికే పోలేదని మా నాన్న సంతోషించాడు.

పోయిన ఏడాది చిగుళ్ళు చూపించుకోవడానికి వచ్చాడు. పళ్ళు అచ్చం అలాగే ఉన్నాయి. ఎక్స్‌రేలో స్క్రూల చుట్టూ ఎముక గట్టిగా అల్లుకుపోయి ఉందని డాక్టరమ్మ మురిసిపోయింది. నేను బయటికి సాగనంపుతూ, చాలా కాలంగా లోపల ఉన్న మాట అడిగేశాను. ఆయన జవాబు చెప్పి, బస్సు వస్తుంటే ఎక్కేశాడు. ఆయన్ని చూడడం అదే ఆఖరు.

దినకార్యాలు అయ్యాక ఒకరోజు బావ ఆసుపత్రికి వచ్చాడు. చాలా ఏళ్ళకు. జుట్టు తెల్లబడింది. దవడ ఒకవైపు వాచి ఉంది. తేగలు లేవు. టోకెను తీసుకుని, మూల కుర్చీలో కూర్చుని, పక్కవాళ్ళు లోపలికి వెళ్ళేదాకా ఆగి నా దగ్గరికి వచ్చాడు.

"మా అప్ప, అదే మీ అత్త, నన్ను గుమ్మం తొక్కనియ్యనేదు. శవాన్ని కూడా దూరంనుంచే సూసినాను" అన్నాడు. నేను చీటీ రాసుకుంటూ ఉన్నాను. "బావ నీతో బాగుండీవోడు గదా. నా గురించి ఏటన్నా అన్నాడా?"

చెప్పకూడదనుకున్నాను. అతను బతికినంతకాలం తెలుసుకోకుండా వేగిపోతే బాగుండుననిపించింది. కానీ చెప్పడమే పెద్ద శిక్ష అని కూడా అనిపించింది.

"అడిగాను నేను. మీ మీద కోపం లేదా అని. ఉందన్నాడు" అన్నాను. "ముందు కూర్చుని ఊదాలని అంత ఆశ ఉంటే నన్ను అడగొచ్చు గదా అన్నాడు. ‘ఒక్కసారి బావా, నాను ముందు కూకుంటాను అంటే సాలు, నాను ఎనక్కి జరిగిపోదును. నా పళ్ళు బాగున్నప్పుడే జరిగిపోదును. ఆడు అడగనేదు గుంటా’ అన్నాడు."

బావ నా మొహంలోకి చూశాడు. పెదాలు కదిలాయి. వాచిన దవడ మీద చెమట పట్టింది.

"అబద్ధం" అన్నాడు. "ఆడు జరిగీవోడు కాదు. నువ్వు అబద్ధం సెప్తన్నావు. అబద్ధమని సెప్పు."

లోపలి నుంచి డాక్టరమ్మ అతని నెంబరు పిలిచింది. అతను కదలలేదు. రెండోసారి పిలిచింది. నేను తలెత్తి అతన్ని చూశాను, అబద్ధమని మాత్రం చెప్పలేదు.